వంతెనకూ తెలియాలి మర్యాద!

పాత వంతెనకు వయసైపోతుంది. దాని పక్కనే కొత్తది కట్టాలి. అయితే అక్కడున్నది వంతెన ఒక్కటే కాదు... నది ఉంది, ఊరుంది, గుడి ఉంది, వందేళ్ళ జ్ఞాపకం ఉంది. వాటి మధ్య కొత్తది ఎలా నిలబడాలి? రాజమండ్రి నుంచి హంపీ దాకా, పాంబన్ నుంచి లండన్ దాకా ఇంజినీర్లను వేధించిన ప్రశ్న ఇదే!

కొవ్వూరు దాటగానే రైలు చప్పుడు మారిపోతుంది. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్ళు లేచి కూర్చుంటారు. పెద్దవాళ్ళు కిటికీ వైపు తిరిగి చేతులు జోడిస్తారు. మనవడి చేతిలో రూపాయి బిళ్ళ పెట్టి 'గోదారమ్మకు దణ్ణం పెట్టుకుని వెయ్యి నాన్నా' అంటుంది అమ్మమ్మ. ఆర్చి బ్రిడ్జి మీదుగా వెళ్ళే రైలైతే, కిటికీ పక్కనుంచి కాంక్రీటు కమానులు ఒకదాని వెంట ఒకటి లేచి దిగుతుంటాయి. వాటి సందుల్లోంచి ఇంకో వంతెన కనిపిస్తుంది. రాతి కాళ్ళు, వాటి మీద ఉక్కు గర్డర్లు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా చెక్కుచెదరకుండా ఉన్నట్టే ఉంటుంది. కానీ దాని మీద రైలుండదు.

'దాని మీద రైలెందుకు వెళ్ళదు?' అని ఆ కుర్రాడు అడిగితే చాలామంది పెద్దల దగ్గర ఒకటే జవాబు... 'అది పాతదైపోయిందిరా'.

నిజమే. కానీ పాతదాని పక్కన కొత్తది కట్టడమన్నది ఆ ఒక్క ముక్కలో తేలిపోయే వ్యవహారం కాదు.

వందేళ్ళకు మూడేళ్ళు తక్కువ

మద్రాసు నుంచి కలకత్తాకు రైలు మార్గం వేస్తున్న రోజుల్లో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి గోదావరే. రాజమండ్రి దగ్గర నది వెడల్పు చూస్తే ఎవరికైనా గుండె జారాల్సిందే. వానాకాలంలో ఎర్రటి వరద, వేసవిలో ఇసుక మేటలు. అలాంటి చోట 1897 నవంబరులో వంతెన పని మొదలైంది. ఇంజినీరు ఎఫ్.టి.జి. వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టిన అనుభవం ఆయనది. మూడేళ్ళు తిరక్కుండానే, 1900 ఆగస్టులో రాజమండ్రి వంతెన మీద రైలు నడిచింది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. సుమారు రెండు ముప్పావు కిలోమీటర్ల పొడవు. 56 ఖానాలు. అంటే రెండు స్తంభాల మధ్య ఉండే ఖాళీలు యాభై ఆరన్నమాట. ఒక్కోటీ 150 అడుగులు.

దాని మీద ఎన్ని తరాలు నది దాటాయో! స్వాతంత్య్రోద్యమం, రెండు ప్రపంచ యుద్ధాలు, రాష్ట్రావతరణ... అన్నిటినీ అది చూసింది. 1974లో కొద్ది దూరంలోనే కింద రైలు, పైన రోడ్డుతో రెండంతస్తుల వంతెన వచ్చి కాస్త భారం పంచుకుంది. అయినా బొగ్గు ఇంజిన్ల కాలంలో, అప్పటి బండ్ల బరువును లెక్కేసి కట్టిన వంతెన మీద ఎన్నాళ్ళని ఆధారపడతారు? 1997లో దానికి విశ్రాంతినిచ్చారు. పని మొదలైన నాటి నుంచి లెక్కేస్తే సరిగ్గా నూరేళ్ళు. రైలు నడిచిన కాలం చూసుకుంటే నూరేళ్ళకు మూడేళ్ళు తక్కువ.

దాని బాధ్యత అందుకున్నదే ఆర్చి బ్రిడ్జి.

విల్లూ... నారీ!

ఈ కొత్త వంతెనను 1991-97 మధ్య కట్టారు. డిజైన్ స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌కు చెందిన బ్యూరో బీబీఆర్ సంస్థది. నిర్మాణం హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీది. ఇంజినీర్ల భాషలో దీన్ని 'బౌస్ట్రింగ్' గర్డరు అంటారు. మన మాటల్లో చెప్పాలంటే విల్లు, దానికి కట్టిన నారి!

కమాను స్వభావం ఏమిటంటే, దాని మీద బరువు పడగానే రెండు కాళ్ళూ పక్కలకు జారిపోవాలని చూస్తాయి. నున్నటి గచ్చు మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి చూడండి... అర్థమవుతుంది. మామూలు కమాను వంతెనకైతే ఆ జారుడును ఆపడానికి రెండు వైపులా కొండలాంటి బలమైన ఆధారం కావాలి. నది మధ్యలో కొండలెక్కడివి? అందుకే కమాను రెండు చివర్లనూ కింద ఉండే తలంతో కలిపి కట్టేస్తారు. నారి విల్లును పట్టి ఉంచినట్టు, పట్టాలు మోసే ఆ తలమే కమానును పట్టి ఉంచుతుంది. తలమేమో కమాను నుంచి నిలువు తాళ్ళకు ఉయ్యాలలా వేలాడుతుంది. ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ నిలబడతాయి. స్తంభాల మీద బరువు తిన్నగా కిందికే పడుతుంది. అందుకే ఒక్కో ఖానా ఏకంగా 320 అడుగుల వెడల్పున సాగింది.

ఇప్పుడో చిన్న లెక్క చూడండి. హేవలాక్ వంతెనకు ఖానాలు 56. ఆర్చి బ్రిడ్జికి 28. సరిగ్గా సగం! పాతదాని రెండు అంగలు కొత్తదానికి ఒక అంగ. రెండింటి పొడవూ దాదాపు ఒకటే. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని సాయంత్రం వేళ చూస్తే ఈ లెక్క తెలియకపోయినా కంటికి దాని ఫలితం తెలుస్తుంది. రెండు వంతెనలూ రెండు రకాలు. ఒకటి రాయీ ఉక్కూ, ఒకటి కాంక్రీటు. ఒకటి తిన్నటి గీత, ఒకటి అలలు అలలుగా లేచే వంపు. అయినా ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నట్టుండదు. పాతదాన్ని అనుకరించే ప్రయత్నం ఇందులో లేదు. రాతి కాళ్ళలా కనిపించాలని కాంక్రీటుకు రంగులు పూయలేదు. తన కాలం తనదని చెబుతూనే పాతదాని పక్కన నిలబడింది. గోదావరి అనగానే క్యాలెండర్లలో, సినిమాల్లో మనకు కనిపించే బొమ్మ ఇప్పుడు ఆ కమానులదే!

నది మరచిపోదు

స్తంభాల లెక్క అందానికి మాత్రమే కాదు. నదిలో దించే ప్రతి స్తంభం నీటికి అడ్డమే. పక్కకు తిరిగిన నీరు స్తంభం చుట్టూ సుడి తిరిగి, అడుగున ఉన్న ఇసుకను తోడేస్తుంది. దాన్నే కోత అంటారు. ఒక వంతెన పక్కనే ఇంకోటి కట్టి, దాని స్తంభాలను ఇష్టమొచ్చినట్టు దించితే రెండింటి మధ్యా నీరు మెలికలు తిరిగి రెండింటి పునాదులకూ ముప్పు తెస్తుంది. కాబట్టే కొత్త స్తంభాలు వీలైనంతవరకూ పాతవాటి వరుసలోనే ఉండేలా చూస్తారు.

ఈ పాఠం లండన్ నగరానికి ఆలస్యంగా అర్థమైంది. థేమ్స్ నది మీద ఒకప్పుడు ఇరుకిరుకు కమానులతో పాత లండన్ బ్రిడ్జి ఉండేది. అది నీటిని ఆనకట్టలా కొంత ఆపేది. కొత్త లండన్ బ్రిడ్జి రాగానే 1831లో పాతదాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. ఆ అడ్డు తొలగడంతో నది వేగం పెరిగింది. ఆ వేగం ఎగువన ఉన్న వాటర్లూ వంతెన కాళ్ళ కింద నేలను కొంచెం కొంచెంగా తినేసింది. 1817లో ప్రారంభమైన ఆ తొమ్మిది కమానుల గ్రానైట్ వంతెన 1920ల నాటికి కుంగిపోయింది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే పదేపదే బొమ్మలు గీసుకున్న వంతెన అది. పడగొడదామంటే జనం ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. చివరికి 1930ల్లో పడగొట్టక తప్పలేదు.

మరి కొత్తది ఎలా ఉండాలి? పాతదానికి అచ్చు నకలు తీయాలా? ఆ పని అప్పగించింది గైల్స్ గిల్బర్ట్ స్కాట్ అనే వాస్తుశిల్పికి. ఆయన నకలు తీయలేదు. తొమ్మిది కమానుల చోట అయిదే ఖానాలతో, అలంకారాలేమీ లేని సన్నటి వంతెనకు రూపమిచ్చారు. కానీ పైన తొడుగుగా పోర్ట్‌లాండ్ రాయి వాడారు. లండన్‌లోని పెద్ద పెద్ద పాత కట్టడాలెన్నిటికో వాడిన రాయి అది. వాన పడితే దానంతటదే కడుక్కుంటుంది. రూపం కొత్తది, రాయి ఊరిది... అదీ ఆయన కుదిర్చిన రాజీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోతే పనిలో ఎక్కువగా ఆడవాళ్ళే చెమటోడ్చారు. అందుకే దానికి 'లేడీస్ బ్రిడ్జి' అని ఇంకో పేరుంది. 1945లో పని పూర్తయింది.

పాత కట్టడాల సంరక్షణకు ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే వెనిస్ చార్టర్ 1964లో వచ్చింది. పాత కట్టడానికి కొత్తగా ఏదైనా చేర్చాల్సి వస్తే, అది విడిగా తెలియాలనీ, తన కాలపు ముద్రతోనే ఉండాలనీ అది చెబుతుంది. పాతదిలా నటించొద్దన్నమాట!

హంపీలో ఏం జరిగింది?

రూపం సంగతి సరే. అసలు చోటే తప్పయితే? ఆ ప్రశ్నకు జవాబు మన పొరుగునే ఉంది. కృష్ణదేవరాయలు ఏలిన హంపీలో.

తుంగభద్రకు ఒక వైపు హంపీ, ఆవలి ఒడ్డున ఆనెగొంది. విజయనగర రాజుల కాలంలో నది మీద రాతి వంతెన ఉండేది. దాని గ్రానైటు స్తంభాలు ఇప్పటికీ నీటిలో వరుసగా నిలబడి కనిపిస్తాయి. పైన నడిచే దారి మాత్రం ఏనాడో పోయింది. ఆ తర్వాత ఆనెగొంది వాళ్ళకు పుట్టే దిక్కు. వెదురు అల్లికతో గుండ్రంగా, బుట్టలా ఉండే ఆ పడవలోనే మనుషులు, మూటలు, సైకిళ్ళు. వరదొస్తే అదీ లేదు. ఆస్పత్రికి వెళ్ళాలన్నా, చదువుకోవాలన్నా, పంట అమ్ముకోవాలన్నా చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. వంతెన కావాలని వాళ్ళు అడగడంలో అన్యాయమేముంది?

1990ల్లో తలారిఘట్ట దగ్గర వంతెన పని మొదలైంది. విరూపాపుర గడ్డె దగ్గర ఇంకో కాలినడక వంతెన. రెండూ కేబుళ్ళకు వేలాడే ఆధునిక వంతెనలు. అయితే తలారిఘట్ట సామాన్యమైన చోటు కాదు. ఆనెగొంది రేవు నుంచి రాజధానిలోకి వచ్చే పాత ద్వారం అక్కడే ఉంది. వంతెన తెరిస్తే వాహనాలన్నీ ఆ శిథిలాల మధ్య నుంచే వెళ్ళాలి. బండరాళ్ళ గుట్టలు, మండపాలు, నది కలిసిన ఆ దృశ్యం మధ్యలో కాంక్రీటు స్తంభాలు లేచాయి. హంపీ 1986 నుంచీ ప్రపంచ వారసత్వ స్థలం. 1999లో యునెస్కో దాన్ని 'ప్రమాదంలో ఉన్న' స్థలాల జాబితాలో పెట్టింది. పని ఆగిపోయింది.

ఆ మొండి స్తంభాల పక్కనుంచే ఆనెగొంది వాళ్ళు మళ్ళీ పుట్టిలో ప్రయాణం సాగించారు. ఏళ్ళు గడిచాయి. చర్చలు, షరతుల తర్వాత 2006లో హంపీ ఆ ప్రమాద జాబితా నుంచి బయటపడింది. వంతెన పని తిరిగి మొదలైంది. 2009 జనవరి 22న, పని జరుగుతుండగానే వంతెన కూలిపోయింది. కూలీలు ప్రాణాలు కోల్పోయారు.

ఈ కథలో గెలిచిందెవరు? వారసత్వమా, అభివృద్ధా? ఎవరూ కాదు. మొదట్లోనే ఆనెగొంది వాళ్ళ అవసరాన్నీ, హంపీ రాళ్ళ విలువనూ ఒకే బల్ల మీద పెట్టి మాట్లాడుకుని ఉంటే చోటు మారేది. తర్వాతి కాలంలో ముఖ్య కట్టడాలకు దూరంగా, కడెబాగిలు-బుక్కసాగర మధ్య వంతెన వచ్చింది. ఆ మాట మొదటే అనుకుని ఉంటే ఎంత బాగుండేది!

చోటు దగ్గర పట్టుదలకు పోతే ఏమవుతుందో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమూ చూసింది. ఎల్బే నది లోయకు 2004లో వారసత్వ హోదా వచ్చింది. ఆ లోయ మధ్యలో నాలుగు వరసల రోడ్డు వంతెన కట్టాలని 2005లో ఓటింగు పెడితే జనంలో ఎక్కువమంది సరేనన్నారు. దృశ్యం దెబ్బతింటుందనీ, వంతెన బదులు సొరంగం తవ్వుకోవచ్చనీ చెప్పి చూసినా పని ఆగలేదు. 2009లో యునెస్కో ఆ లోయ పేరును జాబితా నుంచి కొట్టేసింది. అలా హోదా పోగొట్టుకున్న స్థలాల్లో ప్రపంచంలో అది రెండోది. 2013లో వంతెన తెరుచుకుంది. బళ్ళు హాయిగా వెళుతున్నాయి. పోయిన పేరు మాత్రం తిరిగి రాలేదు.

సముద్రం మీద వారసుడు

చోటు మార్చే వీలే లేకపోతే? రామేశ్వరానికి రైలు వెళ్ళాలంటే పాంబన్ జలసంధి దాటాల్సిందే. అక్కడి పాత వంతెన 1914 నాటిది. పడవలొస్తే మధ్య భాగం రెండు రెక్కల్లా పైకి లేచి దారిచ్చేది. 1964 డిసెంబరు తుపానులో వంతెన చాలామటుకు కొట్టుకుపోతే, ఇ. శ్రీధరన్ నాయకత్వంలో 46 రోజుల్లో తిరిగి నిలబెట్టారు. ఉప్పుగాలికి తుప్పుపట్టి, చివరికి 2022 డిసెంబరులో దాని మీద రైళ్ళు ఆగిపోయాయి.

2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెన పాతదానికి పక్కనే, దాదాపు అంతే పొడవున, రెండు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. పాతదానికన్నా మూడు మీటర్లు ఎత్తు. పడవలకు దారివ్వడమన్న పాత ఆచారం దీనికీ ఉంది. పద్ధతే వేరు. రెక్కలు విప్పదు. 72.5 మీటర్ల మధ్య భాగం మొత్తం లిఫ్టులా 17 మీటర్లు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. మన దేశంలో సముద్రం మీద ఇలాంటిది ఇదే మొదటిది. అటూ ఇటూ లేచిన టవర్లతో ఆకాశపు గీత మారిన మాట వాస్తవం. కానీ రైలుకూ పడవకూ మధ్య వందేళ్ళ కిందట కుదిరిన ఒప్పందాన్ని కొత్త వంతెన మరచిపోలేదు. పాతదాని నుంచి తీసుకోవాల్సింది దాని ఆకారాన్ని కాదు, దాని పద్ధతిని!

కట్టే ముందు నాలుగు ప్రశ్నలు

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే పాతదాని పక్కన కొత్త వంతెన కట్టేవాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు నాలుగే.

* చోటు సరైనదేనా? వంతెన ఒక్కటే కాదు, దాని రెండు చివర్లకూ వచ్చే రోడ్లు ఎక్కడి నుంచి పోతాయో చూశారా?
* కాళ్ళు ఎక్కడ? పాత స్తంభాల వరుసతో, నది నడకతో కుదిరాయా?
* ఒడ్డున నిలబడినవాళ్ళకు ఏం కనిపిస్తుంది? గుడి గోపురం, కొండ, పాత వంతెన... వీటిలో దేన్నైనా కొత్తది మింగేస్తోందా?
* దాటాల్సినవాళ్ళను అడిగారా? వాళ్ళకు ఎన్నాళ్ళలో దారి దొరుకుతుంది?

ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా ఆ ఖర్చును తర్వాత ఎవరో ఒకరు భరించాల్సిందే. ఆనెగొందిలో అది కూలీల ప్రాణాల దాకా వచ్చింది.

మరి పాతది?

ఇక మిగిలింది పాత వంతెన సంగతి. లండన్‌లో వాటర్లూ గ్రానైటు రాళ్ళను దూరదేశాలకు జ్ఞాపికలుగా పంపేశారు. అక్కడ వంతెన కుంగిపోయింది కాబట్టి వేరే దారి లేదు. హేవలాక్ వంతెన అలా కాదు. రైలు మోసే పనే ఆగింది. కాళ్ళు నిలబడే ఉన్నాయి. దాన్ని ఏం చేయాలన్న చర్చ ఏళ్ళ తరబడి సాగింది. నడక దారిగా మార్చి పర్యాటకులకు తెరవాలని ఊరివాళ్ళు ఎన్నోసార్లు కోరారు. 2025 జూన్‌లో 'అఖండ గోదావరి' ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. హేవలాక్ వంతెనను పర్యాటక ఆకర్షణగా తీర్చిదిద్దడం అందులో ఒక భాగం. 2027లో పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి అందరి చూపూ మళ్ళీ ఆ రేవుల మీదే ఉంది.

అయితే ఇక్కడా ఆ నాలుగు ప్రశ్నలూ వర్తిస్తాయి. వంతెన మీద ఏం పెట్టాలన్నదానికన్నా ఏం పెట్టకూడదన్నది తేల్చుకోవడం ముఖ్యం. రంగురంగుల దీపాలూ దుకాణాలూ నింపేస్తే అది ఇంకో ఎగ్జిబిషన్ గ్రౌండ్ అవుతుంది. ఊరికే వదిలేస్తే తుప్పు అవుతుంది. నడవడానికి కాస్త దారి, కూర్చోవడానికి బల్లలు, 1897 నుంచి జరిగిన కథ చెప్పే నాలుగు బోర్డులు, పక్కన రైలు వెళుతుంటే చూడటానికి అడ్డులేని చోటు... గోదావరి మీద మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

అప్పుడు ఆ కుర్రాడు మళ్ళీ 'దాని మీద రైలెందుకు వెళ్ళదు?' అని అడిగితే అమ్మమ్మ దగ్గర ఇంకాస్త మంచి జవాబుంటుంది.

'అది మనల్ని చాలా కాలం మోసిందిరా. ఇప్పుడు దాని మీద నడవడమే. సాయంత్రం వెళదాం పద.'